చిన్న బిజినెస్ లాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్న దగ్గర్నుంచి స్క్రీన్ మార్చేదాకా: నా అనుభవం

పన్నెండున్నర అంగుళాల లాప్‌టాప్ వాడుతున్నా అంటే ముందు వచ్చే ప్రశ్న, అంత చిన్న స్క్రీన్ మీద పనెలా చేస్తున్నావ్ అని. డెస్క్ దగ్గరుంటే మానిటర్ తగిలిస్తా, బయటుంటే ఒళ్లో పెట్టుకుని టైప్ చేసుకుంటా, అంతే. నా పని ఎక్కువగా రాయడం, షీట్లు చూడటం, కాల్స్ మాట్లాడటం, ఎప్పుడన్నా కాస్త కోడ్. దానికోసం పదిహేనున్నర అంగుళాల బండని భుజానికేసుకుని తిరగడం విసుగొచ్చి ఈ సైజుకి దిగా. కొత్తది తీసుకోలేదు, ఆఫీసులు లీజు అయిపోయాక తిరిగిచ్చేసే బిజినెస్ మోడల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, తర్వాత విప్పి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ, ఆఖరికి స్క్రీన్ కూడా మార్చేశా. నాది ఏ కంపెనీదో పక్కన పెట్టేద్దాం, ఎందుకంటే ఈ సైజులో లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్ సిరీస్ చూసినా, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 820 చూసినా, డెల్ లాటిట్యూడ్ 7000 వరస చూసినా మనం కొనేముందు చూసుకోవాల్సినవి దాదాపు ఇవే.

ఇళ్లలో వాడుకునే సన్నటి లాప్‌టాప్‌లు వదిలేసి ఈ ఆఫీసు సరుకు వెనక ఎందుకు పడ్డానంటే, వీటిని రిపేర్ చేయాల్సింది ఆ ఆఫీసు ఐటీ వాళ్లే కదా, వందల మెషిన్లు చేతిలో ఉన్నవాళ్లకి అడుగు మూత తీయగానే అన్నీ కనపడాలి, అందుకే వీటికి మామూలు ఫిలిప్స్ స్క్రూలే ఉంటాయి, చాలా మోడల్స్‌లో ఆ స్క్రూలు వదులు చేసినా ఊడి కింద పడకుండా మూతకే అంటుకుని ఉంటాయి. పైగా ఏ స్క్రూ తర్వాత ఏ స్క్రూ తీయాలో బొమ్మలేసి చెప్పే సర్వీస్ మాన్యువల్ కంపెనీ వాళ్లే పబ్లిక్‌గా పెడతారు. నేనైతే కొనేముందే ఆ మాన్యువల్ దించుకుని చదివా. ఎవరికైనా ఇదే చెప్తా, రివ్యూలు తర్వాత చూడొచ్చు, ముందు మాన్యువల్ తెరిచి బ్యాటరీ ఎన్నో పేజీలో ఉందో, దాన్ని తీయడానికి ముందు ఎన్ని తీయాలో చూడండి, మూత తీయగానే బ్యాటరీ కనపడితే మంచి మెషిన్, మదర్‌బోర్డ్ కూడా తీయాలంటే వద్దు.

ఇక ఏ తరం ప్రాసెసర్ ఉన్నది తీసుకోవాలన్న దగ్గర చాలా తర్జనభర్జన పడ్డా. పాత థింక్‌ప్యాడ్ భక్తులు ఇప్పటికీ ఎక్స్ 220 అంటారు, 2011లో వచ్చిన మోడల్, ఏడు వరసల పాత కీబోర్డ్ ఉన్న చివరి ఎక్స్ సిరీస్ అదే, తర్వాతి ఏడాది ఎక్స్ 230కి ఆరు వరసల కొత్త రకం కీబోర్డ్ వచ్చేసింది. అది నచ్చక 220 కీబోర్డ్ పీకి 230లో బిగించి దానికోసం ఫర్మ్‌వేర్ (మెషిన్ లోపలి చిప్‌లో ఉండే మూల సాఫ్ట్‌వేర్) కూడా మార్చుకున్నవాళ్లున్నారు, వాళ్ల ఓపికకి దండం. నాకంత ప్రేమ లేదు. నా లెక్క వేరే, ఇంటెల్ ఎనిమిదో తరం కంటే కిందకి వెళ్లకూడదనుకున్నా. దానికి రెండు కారణాలు. ఏడో తరం వరకూ ఈ సన్న లాప్‌టాప్‌లకి వచ్చే ఐ5లో రెండే కోర్లు, ఎనిమిదో తరంలో అదే 15 వాట్లలో నాలుగయ్యాయి, ఏడో తరం ఐ5 7200యూ పక్కన ఎనిమిదో తరం 8250యూ పెట్టి వాడి చూస్తే తేడా చెప్పక్కర్లేదు. రెండోది, విండోస్ 11 అఫీషియల్‌గా ఎక్కాలంటే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే, విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కూడా. లైనక్స్ వేసుకునేవాళ్లకి ఈ బాధ లేదు, ఆరో తరం, ఏడో తరం మెషిన్లు వాళ్లకి హాయిగా సరిపోతాయి.

అయితే ఎనిమిదో తరంతో ఒక మెలిక వచ్చి పడింది. సరిగ్గా ఆ టైంలోనే మెషిన్లు సన్నబడటం మొదలైంది. ఎక్స్ 240 నుంచి 270 దాకా వెనక ఊడదీసే బ్యాటరీ, లోపల ఇంకో చిన్న బ్యాటరీ, ర్యామ్‌కి ఒక స్లాటు ఉండేవి, బయటి బ్యాటరీ అయిపోతే లాప్‌టాప్ ఆపకుండానే ఇంకోటి పెట్టుకోవచ్చు, లోపలిది అంతసేపూ లాగుతుంది. 2018లో ఎక్స్ 280 వచ్చేసరికి ఆ బయటి బ్యాటరీ పోయింది, ర్యామ్ బోర్డుకే సోల్డర్ అయిపోయింది, 8 జీబీది కొంటే చచ్చేదాకా 8 జీబీయే. మెషిన్‌గా అది తేలిగ్గా బాగుంటుంది, కాదనను, కానీ సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు ర్యామ్ ఎంతో ముందే చూసుకుని కొనాలి. నేను అందుకే ఎనిమిదో తరంలోనే ర్యామ్ స్లాటు ఉన్న మోడల్ వెతుక్కున్నా. ఒక్కటే స్లాటు, సింగిల్ ఛానల్ (ర్యామ్‌కి, ప్రాసెసర్‌కి మధ్య ఒకటే దారి), గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్ వాడుకుంటుంది కాబట్టి గేమ్స్ ఆడేవాళ్లకి దెబ్బే, నా పనికి ఆ తేడా తెలియలేదు.

కొనేటప్పుడు చెక్ చేసిన విషయాలు చెప్తా, ఇక్కడే చాలామంది తొందరపడతారు. అమ్మేవాళ్లు విండోస్ డెస్క్‌టాప్ చూపించి అంతా బాగుందంటారు, మనం బయాస్‌లోకి (విండోస్ మొదలవ్వకముందే తెరుచుకునే మెషిన్ సెట్టింగ్స్‌లోకి) వెళ్లాలి. వెళ్లగానే పాస్‌వర్డ్ అడిగిందా, అక్కడితో లేచి వచ్చేయాలి, ఎందుకంటే ఈ బిజినెస్ మోడల్స్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ అన్నది బోర్డు మీదుండే నాణెమంత కాయిన్ బ్యాటరీ తీసిపెడితే పోయే రకం కాదు, బోర్డు మీద వేరే చిప్‌లో కూర్చుంటుంది. ఇంకోటి దీనికంటే మాయదారిది. పాత ఆఫీసు వాళ్లు మెషిన్‌ని తమ మేనేజ్‌మెంట్ లిస్టులోంచి తీయకుండా వదిలేస్తే, ఇప్పుడు బాగానే నడుస్తుంది, మనం ఎప్పుడో విండోస్ ఫ్రెష్‌గా వేసి నెట్‌కి కలపగానే ఫలానా సంస్థకి స్వాగతం, మీ ఆఫీసు ఐడీతో లాగిన్ అవ్వండి అని వచ్చి కూర్చుంటుంది. అందుకని నేను పెన్‌డ్రైవ్‌లో విండోస్ పట్టుకెళ్లి డబ్బులివ్వకముందే అక్కడే వేయించా, అమ్మేవాడికి చిరాకొచ్చింది, రానీ. విండోస్ కీ ఎలాగూ మెషిన్ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది అడగను కూడా అడగలేదు.

తర్వాత బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే (powercfg /batteryreport) ఒక ఫైల్ తయారవుతుంది, అందులో రెండు అంకెలు చాలు, డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టేది), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది). నా మెషిన్‌లో రెండోది మొదటిదానిలో సగానికి కాస్త పైన ఉంది. అమ్మేవాడు బ్యాటరీ సూపర్ అన్నాడు, స్క్రీన్ వాడివైపు తిప్పా, ఇంకేం మాట్లాడలేదు, రేటు దగ్గర మాత్రం మెత్తబడ్డాడు. దాంతోపాటు టచ్‌ప్యాడ్ నాలుగు మూలలా నొక్కి చూడండి. ఒక మూల గట్టిగా ఉండి క్లిక్ పడకపోతే టచ్‌ప్యాడ్ పాడైందని అనుకోవద్దు, చాలాసార్లు కింద బ్యాటరీ ఉబ్బి పైకి తోస్తుంటుంది. లాప్‌టాప్ మూసేసి చదునైన బల్ల మీద పెడితే నాలుగు కాళ్లూ ఆనకుండా ఊగుతుంటే అదీ అదే జబ్బు కావొచ్చు. కీబోర్డ్‌కి నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి అక్షరం, బాణం గుర్తులు కూడా కొట్టి చూశా. స్క్రీన్‌కి పూర్తి తెలుపు, పూర్తి నలుపు బొమ్మలు పెట్టి చూస్తే మచ్చలు, చచ్చిన పిక్సెల్స్ బయటపడతాయి, తెల్ల తెరమీద గుండ్రటి వెలుగు మచ్చలు కనపడితే ఎవరో బ్యాగులో బరువుకింద నలిపారన్నమాట. ఎస్‌ఎస్‌డీ హెల్త్ కూడా చూశా గానీ అది ఎలాగూ మార్చేదే కాబట్టి పట్టించుకోలేదు.

ఇక విప్పడం. ముందు ఛార్జర్ తీసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి, అడుగు స్క్రూలు వదులు చేసి, హింజ్ దగ్గర్నుంచి గోరు పట్టేంత సందు చూసుకుని పాత ప్లాస్టిక్ కార్డు దూర్చి అంచు వెంబడి జరుపుకుంటూ వెళ్లా. క్లిప్పులు ఒక్కోటి టక్, టక్‌మని ఊడుతుంటే మొదటిసారి విప్పేవాడికి ఏదో విరిగిందనే అనిపిస్తుంది, విరగదు, స్క్రూడ్రైవర్ పెట్టి పైకి లేపితేనే విరుగుతుంది. మూత రాగానే ఇంకేదీ ముట్టుకోకుండా బ్యాటరీ కనెక్టర్ పీకేయాలి, పీకాక పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన కరెంటు కూడా పోతుంది. థింక్‌ప్యాడ్స్‌లో అయితే బయాస్‌లో లోపలి బ్యాటరీని డిసేబుల్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కి ఆపేసి విప్పితే ఇంకా నిశ్చింత. ఫ్యాన్ చూస్తే రెక్కలు బాగానే ఉన్నాయి, కానీ గాలి బయటికెళ్లే సన్న రాగి పలకల ముందు దుమ్ము పొరలా పేరుకుని మందపాటి గుడ్డలా తయారైంది, పట్టకారుతో కొస పట్టుకుని లాగితే ముక్కవకుండా ఒకే పీలికగా వచ్చేసింది. అది తీసి, ఎండిపోయి పెచ్చులు కట్టిన థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి లాగడానికి పూసేది) తుడిచి కొత్తది వేశాక ఫ్యాన్ కేకలు చాలావరకు తగ్గాయి. మెషిన్ స్లో అయిందని అమ్మేసేవాళ్లలో ఎంతమందిది ఈ దుమ్ము సమస్యో అనిపించింది.

ర్యామ్ మార్చడం ఏముంది, రెండు పక్కల క్లిప్పులు విడదీస్తే పైకి లేస్తుంది, 16 జీబీది ఏటవాలుగా దూర్చి కిందకి నొక్కడమే. ఎస్‌ఎస్‌డీ కూడా ఒక్క స్క్రూ, కాకపోతే కొనేముందు పొడుగు చూసుకోవాలి, ఎం.2 (చిన్న పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ) అంటే అన్నీ ఒకటే అనుకుంటారు, 80 మిల్లీమీటర్ల పొడుగు 2280 ఉంటుంది, 42 మిల్లీమీటర్ల 2242 ఉంటుంది, పైగా స్లాటు పాత పద్ధతి సాటాదా, వేగమైన ఎన్‌వీఎంఈదా అన్నది కూడా మోడల్‌ని బట్టి మారుతుంది, ఇది మళ్లీ ఆ మాన్యువల్‌లోనే దొరుకుతుంది. పాత మోడల్స్‌లో వైఫై కార్డు మారుద్దామంటే ఇంకో చిక్కు, బయాస్‌లో కంపెనీ ఒప్పుకున్న కార్డుల లిస్టు ఉండేది, అందులో లేనిది పెడితే బూట్ కూడా అవ్వదు.

బ్యాటరీ దగ్గర మాత్రం ఒరిజినల్ కోసం కాస్త తిరిగా. లెక్క సింపుల్, ఈ సైజు మెషిన్ రాసుకోవడం, బ్రౌజింగ్ లాంటి పనులకి ఆరేడు వాట్లు లాగుతుంది, 60 వాట్ అవర్ బ్యాటరీ నిండుగా ఉంటే ఎనిమిది గంటల పైచిలుకు రావాలి, సగానికి పడిపోయిన దాంతో నాలుగే. కాపీ బ్యాటరీల మీద కెపాసిటీ బాగానే రాసుంటుంది, పెట్టి రిపోర్ట్ తీసేదాకా నిజం తెలియదు, కొన్ని మెషిన్లు గుర్తుపట్టక ఛార్జ్ కూడా ఎక్కించవు. కొత్తది పెట్టాక చేసిన మొదటి పని బయాస్‌లో ఛార్జ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టడం. రోజంతా ప్లగ్గులో ఉండే మెషిన్‌కి నూరు శాతం ఛార్జ్, దానికితోడు వేడి, ఈ రెండూ కలిస్తే లిథియం బ్యాటరీ తొందరగా ముసలిదైపోతుంది. ఎక్కడికన్నా వెళ్లే ముందు రాత్రి మాత్రం నూటికి మార్చుకుంటా.

అసలు కథ స్క్రీన్ దగ్గరుంది. ఇన్ని సుగుణాలున్న బిజినెస్ మెషిన్లకి తక్కువ మోడల్స్‌లో పెట్టే ఆ 1366 బై 768 టీఎన్ (చవక రకం) ప్యానెల్ ఎవరు కనిపెట్టారో గానీ, కాస్త కింద నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి, పై నుంచి చూస్తే తెల్లబడతాయి, వెలుతురున్న చోట కూర్చుంటే నల్ల అక్షరాలు కూడా బూడిద రంగే. ఆఫీసులో డాక్‌కి (మానిటర్, కీబోర్డ్ అన్నీ ఒకేసారి తగిలించే డబ్బాకి) పెట్టి పెద్ద మానిటర్ చూసేవాళ్లకి ఇది చాలని లెక్కేసి ఆర్డర్ పెట్టేవాళ్లు, లీజు సరుకులో ఎక్కువగా ఇవే దొరకడానికి కారణం అదే. నేను కొన్నాళ్లు భరించా. తెలుగు టైప్ చేస్తే వత్తులు, గుణింతాలు మసకమసగ్గా ఒకదాన్లో ఒకటి కలిసిపోయి కనిపించేవి, అదే నన్ను మార్చేలా చేసింది.

ప్యానెల్ కొనేటప్పుడు లాప్‌టాప్ మోడల్ పేరు పెట్టి వెతికితే పది రకాలు వస్తాయి. పాత ప్యానెల్ ఊడదీసి వెనక స్టిక్కర్ మీద ఉండే ప్యానెల్ నంబర్ చూసుకుని దానికి జోడీ అయ్యేది వెతకాలి: కనెక్టర్ 30 పిన్నులా 40 పిన్నులా, అది ఏ పక్కన ఉంది, స్క్రూ చెవులు పక్కలా పైకిందా, మందం ఎంత. టచ్ లేని ఫుల్ హెచ్‌డీ (1920 బై 1080) ఐపీఎస్ ప్యానెల్, అంటే ఎటునుంచి చూసినా రంగులు మారని రకం, మామూలుగా అదే 30 పిన్నులకి సరిపోతుంది, టచ్ ఉన్నది కొంటే కేబుల్ కూడా మార్చాల్సి రావచ్చు. కొన్ని ప్యానెల్స్ వెలుతురు తగ్గించినప్పుడు బ్యాక్‌లైట్‌ని వేగంగా ఆర్పి వెలిగిస్తూ నెట్టుకొస్తాయి, కళ్లు లాగే అలవాటున్నవాళ్లు అలాంటివి వద్దనుకోవాలి.

మార్చేటప్పుడు మళ్లీ అడుగు మూత తీసి బ్యాటరీ కనెక్టర్ పీకి తర్వాతే స్క్రీన్ దగ్గరికొచ్చా. ఇది బద్ధకించే విషయం కాదు, స్క్రీన్ కేబుల్‌లో బ్యాక్‌లైట్‌కి కరెంటుంటుంది, అది ఉండగా పీకితే బోర్డు మీదున్న నలుసంత ఫ్యూజు ఎగిరిపోవచ్చు, అలా పోతే కొత్త ప్యానెల్ పెట్టాక టార్చ్ వేసి చూస్తే తప్ప బొమ్మ కనపడదు. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేము కింది అంచు నుంచి వేళ్లతో లోపలికి పట్టి లాగితే వచ్చేసింది, ప్యానెల్ స్క్రూలు తీసి, కీబోర్డ్ మీద మెత్తటి గుడ్డ పరిచి దానిమీదకి బోర్లా వాల్చా. వెనక కనెక్టర్ మీద సన్న టేపు, అది ఒలిచి, కింద ఉన్న తీగలాంటి లాక్ లేపి, కేబుల్‌ని పైకి కాకుండా ప్యానెల్ వెంబడి పక్కకి జరిపితే ఊడింది. పైకి లాగేవాళ్లే పిన్నులు వంచుకుంటారు. కొత్తది తగిలించి, ఫ్రేము బిగించకుండానే బ్యాటరీ కలిపి ఆన్ చేసి చూసుకున్నా, బొమ్మ వచ్చింది, మళ్లీ ఆపి బ్యాటరీ పీకి అంతా మూసేశా.

అదే తెర మీద దాదాపు రెట్టింపు పిక్సెల్స్, పది లక్షల చిల్లర ఉన్నవి ఇరవై లక్షలు దాటాయి, అంగుళానికి 125 నుంచి 176కి. ఆ సైజులో అక్షరాలు మరీ చీమల్లా ఉంటాయి కాబట్టి స్కేలింగ్ (అక్షరాల సైజు పెంచే సెట్టింగ్) 150 శాతం పెట్టుకున్నా, పట్టే సరుకు ముందుకంటే కాస్త తక్కువే గానీ అక్షరం మాత్రం చెక్కినట్టు నిలబడుతోంది. ఇన్ని మార్పుల్లో నాకు ప్రతి నిమిషం కనపడే మార్పు ఇదొక్కటే. ర్యామ్ పెంచాక ఓ వారం ఆనందపడతాం, తర్వాత మర్చిపోతాం. అందుకే ఇప్పుడు ఎవరన్నా అడిగితే ప్రాసెసర్‌లో ఐ5కి, ఐ7కి తేడా డబ్బులు స్క్రీన్‌కి మళ్లించమంటున్నా, ఈ సన్న బాడీలో ఐ7 అయినా కాసేపటికి వేడెక్కి దాదాపు ఐ5 స్పీడుకే వచ్చి కూర్చుంటుంది.

ఛార్జింగ్ గురించి ఒక మాట. టైప్ సీ ఛార్జింగ్ ఉన్నది తీసుకుంటే ఒక్క 65 వాట్ల ఛార్జర్‌తో ఫోను, లాప్‌టాప్ రెండూ గడుస్తాయి. మామూలు ఫోన్ ఛార్జర్ పెడితే ఎక్కదు లేదా స్లో ఛార్జర్ అని గొణుగుతుంది, ఎందుకంటే లాప్‌టాప్ 20 వోల్టులు అడుగుతుంది, ఫోన్ ఛార్జర్లు చాలావరకు 9 దగ్గరే ఆగిపోతాయి. కేబుల్ కూడా లెక్కలోకొస్తుంది, మామూలు 3 యాంపుల కేబుల్‌తో 60 వాట్ల దాకే. ఇంకోటి, ఆ టైప్ సీ పోర్టు నేరుగా మదర్‌బోర్డ్ మీదే ఉంటే కేబుల్ తగిలించి ఉన్నప్పుడు లాప్‌టాప్‌ని ఒళ్లో అటూఇటూ జరపడం మంచిది కాదు, రోజూ ఇంట్లో నేను పాత గుండ్రటి పిన్ను ఛార్జరే వాడతా, ఆ సాకెట్ పోతే విడిగా మార్చుకోవచ్చు.

వాడుకలో చెప్పాలంటే కీబోర్డ్ దీని ప్రాణం, ఇంత చిన్న బాడీలో కీస్ పూర్తి సైజువే, లోతుగా దిగుతాయి, గంటల కొద్దీ కొట్టినా వేళ్లు నొప్పెట్టవు. స్పీకర్లు ఉన్నాయంటే ఉన్నాయి. కెమెరా 720పీ, కాల్‌లో మొహం ఆవిరి పట్టిన అద్దం వెనక ఉన్నట్టుంటుంది, మార్చుకునే మార్గం కూడా లేదు కాబట్టి దాని గురించి ఆలోచించడం మానేశా. తెలిసినవాళ్లలో ఇదే సైజువి వాడేవాళ్లున్నారు, వాళ్లలో ఒకాయన ఐదారు గంటలు వరసగా కూర్చుంటే మెడ వంగిపోతోందని మళ్లీ 14కి వెళ్లిపోయాడు, ఆయన మాట నిజమే, మానిటర్ లేకుండా రోజంతా దీనిమీదే పనంటే ఈ సైజు వద్దు.

ఇప్పుడు నన్ను వేధిస్తున్న సంగతి ఒక్కటే, ఈ 12.5 అంగుళాల సైజు కొత్త బిజినెస్ మోడల్స్‌లోంచి దాదాపు మాయమైంది, థింక్‌ప్యాడ్ ఎక్స్ సిరీస్ కూడా 280 తర్వాత 390తో 13.3కి వెళ్లిపోయింది. అంటే ఈ కొలత ప్యానెల్స్ ఇకమీదట పాత స్టాకే. మంచి ఐపీఎస్ ప్యానెల్ ఇంకోటి దొరికినప్పుడే తీసి అట్టపెట్టెలో భద్రంగా పెట్టుకుందామా అని చూస్తున్నా.